రాముడు మాట్లాడిన తెలుగు: కథల్లో పాత్రలు, మన ఇళ్లలో పెద్దలు

గత ఉగాది సంచికకు మా తాతగారిని గురించి ఒక వ్యాసం వ్రాశాము. "కష్టజీవి, నిరాడంబరులు, కుటుంబ క్షేమం కోసం సర్వస్వం త్యాగం చేసిన మహనీయులు" అని అందులో ఆయనను వర్ణించాము. అచ్చయిన పుట చేతికి రాగానే మా మనుమరాలి చేత చదివించాము. ఆమెకు పన్నెండేళ్లు. బడిలో మలయ్, ఇంట్లో ఇంగ్లీషు, బ్రిక్‌ఫీల్డ్స్ వీధిలో అడుగు పెడితే చుట్టూ తమిళం. తెలుగు మాత్రం శుక్రవారం సాయంకాలం తరగతిలో గంటన్నరసేపే. అక్షరం అక్షరం కూడబలుక్కుని వ్యాసమంతా చదివి, తల ఎత్తి, "బాగుంది తాతా. కానీ ఆయన ఎలాంటివారు?" అని అడిగింది.

"అదే గదమ్మా అందులో వ్రాసినది" అన్నాము.

"ఇది అందరి తాతల గురించీ వ్రాసినట్టే ఉంది" అన్నది.

పాత సంచికలు తీసి చూశాము. పిల్ల చెప్పినది నిజమే. మనిషి పేరు, తోట పేరు, ఓడ దిగిన ఏడు మార్చితే చాలు, ఒకరి తాతగారు మరొకరి తాతగారి స్థానంలో చక్కగా కుదురుకుంటారు. అందరూ త్యాగమూర్తులే, అందరూ కష్టజీవులే. అందులో అబద్ధమేమీ లేదు. మనిషి మాత్రం కనబడడు. ముప్పై ఏళ్లకు పైగా బడిపిల్లలకు వ్యాసరచన నేర్పిన మాకు ఈ లోపం అంతవరకు తోచకపోవడం సిగ్గు కలిగించింది. కథారచయితలు కాగితం మీద మనిషిని ఎలా నిలబెడతారో చూద్దామని, సాయంకాలపు తరగతిలో చదువుకున్న తెలుగు కథలను మళ్లీ తెరిచాము. ఆ పఠనంలో మాకు తోచిన విషయాలను పాఠకులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చిత్రణ, పోషణ

తెలుగు విమర్శలో రెండు మాటలు తరచు వినబడతాయి. ఒకటి పాత్రచిత్రణ, రెండవది పాత్రపోషణ. పాత్ర ఎటువంటిదో పాఠకునికి కనబరచడం చిత్రణ. అలా కనబడిన పాత్రను కథ నడిచేకొద్దీ పెంచడం, మార్చడం, లేదా మారలేని దాని అశక్తతను చూపడం పోషణ. మొదటిది ఒక్క క్షణంలో జరగవచ్చు. రెండవదానికి కాలం కావాలి.

ఈ పనికి రచయిత చేతిలో ఉన్న సాధనాలు ఏమంత ఎక్కువ కావు. పాత్ర పలికే మాట, చేసే పని, మనసులో మెదిలే ఆలోచన, దానిని గురించి ఇతరులు అనుకునేది, ఈ నాలుగూ ముఖ్యమైనవి. అయిదవది, రచయిత తానే కల్పించుకొని ఫలానావాడు మంచివాడు, ఫలానావాడు లోభి అని చెప్పే విశేషణం. మంచి రచయితలు దీనిని ఉప్పులాగా వాడతారు. మేము మా తాతగారి మీద వ్రాసిన వ్యాసంలో ఉన్నదంతా ఆ ఉప్పే.

ఉదాహరణకు మూడు రచనలను తీసుకుంటున్నాము. మూడూ ఉత్తరాంధ్ర రచయితలవే. ఇది యాదృచ్ఛికం కాదు. మలయాకు వచ్చిన తెలుగు కూలీలలో చాలామంది నాటి గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాలవారు. ఒప్పంద కూలీ పద్ధతి మలయాలో 1910లో ఆగింది. ఆ తరువాత కంగాణీల వెంట వచ్చే పద్ధతి 1938 వరకు సాగింది. మా ముత్తాతగారు మొదటి పద్ధతిలో వచ్చినవారు. ఆ జిల్లాల్లో మనవాళ్లు వదిలి వచ్చిన ఊళ్లు ఎటువంటివో, అక్కడ ఎవరు ఎవరితో ఎలా మాట్లాడేవారో ఈ కథలు మనకు చెబుతాయి.

కనబడని కమలిని, వినబడే రాముడు

గురజాడ అప్పారావుగారి 'దిద్దుబాటు' 1910 ఫిబ్రవరిలో 'ఆంధ్రభారతి' పత్రికలో వెలువడింది. అది తొలి తెలుగు కథ అనేవారు ఉన్నారు. అంతకు ఎనిమిదేళ్ల ముందే భండారు అచ్చమాంబగారు వ్రాసిన 'ధనత్రయోదశి'కి ఆ గౌరవం దక్కాలనేవారూ ఉన్నారు. ఆ వాదం అటుంచి, పాత్రచిత్రణ నేర్చుకోదలచినవారికి 'దిద్దుబాటు'కన్న చిన్న పాఠం, మంచి పాఠం దొరకదు.

కథ కొన్ని పుటలే. గోపాలరావు చదువుకున్నవాడు, సంస్కరణాభిలాషి, భార్య కమలినికి తానే చదువు చెప్పించినవాడు. ఒక రాత్రి సాని పాట విని బాగా పొద్దుపోయి ఇంటికి వస్తాడు. ఇంట్లో భార్య లేదు. ఉన్నది నౌకరు రాముడు, ఒక ఉత్తరం. భర్త నడత నచ్చక ఇల్లు విడిచి వెళ్తున్నానని ఆ ఉత్తరంలో కమలిని వ్రాసింది. భర్త కంగారుపడతాడు, పశ్చాత్తాపపడతాడు. చివరకు మంచం కింద నుంచి నవ్వు వినబడుతుంది. కమలిని ఎక్కడికీ వెళ్లలేదు.

కథ నడిచినంతసేపూ కమలిని మన కంటికి కనబడదు. అయినా కథ ముగిసేసరికి ఆమె మనకు బాగా తెలిసిన మనిషి అవుతుంది. ఎలా? ఆమె వ్రాసిన ఉత్తరంలోని సంబోధన మారిందని భర్త గమనిస్తాడు. ప్రేమగా పిలిచే మాట పోయి, పరాయివానిని పిలిచే మర్యాద మాట వచ్చింది. ఒక్క పిలుపు మార్పులో ఆమె అభిమానం, ఆమె కోపం, ఆమె తెలివి మూడూ ఉన్నాయి. "కమలిని తెలివైన స్త్రీ" అని గురజాడ వ్రాయవలసిన పని లేకపోయింది.

గోపాలరావును ఆయన చేత చూపించాడు. నౌకరు చెప్పిన మాట రుచించక, ఈ సంస్కర్త రాముని మీద చెయ్యి చేసుకుంటాడు. వెంటనే జాలిపడతాడు. స్త్రీవిద్యను గురించి ఆయన ఉపన్యాసాలు ఎన్ని విన్నా మనకు తెలియని విషయం ఆ దెబ్బతో తెలుస్తుంది. ఆ వెంటనే కలిగిన జాలితో మరికొంత తెలుస్తుంది. చెడ్డవాడు అనడానికి వీలు లేదు, మంచివాడు అని ఊరుకోవడానికీ వీలు లేదు. మనకు తెలిసిన మనుషులందరూ అటువంటివారే కదా.

మేము చెప్పదలచిన అసలు మాట రాముని గురించి. సాయంకాలపు తరగతిలో మేము తెలుగు వ్రాత నేర్చుకోవడం నడివయసులో మొదలుపెట్టాము. అంతవరకు మాకు వచ్చిన తెలుగు తోటలో నాయనమ్మ దగ్గర విన్నది మాత్రమే. ఆమె "ఏటి" అనేది, "ఏమిటి" అనేది కాదు. త్వరగా రమ్మనడానికి "బేగి రా" అనేది, కూర్చోమనడానికి "కూకో" అనేది, వదిలెయ్యమనడానికి "ఒగ్గేయ్" అనేది. మొదటి నెలలో మా అభ్యాస పుస్తకంలో ఈ మాటలన్నిటి కింద ఎర్ర గీతలు పడ్డాయి. పక్కన "గ్రామ్యం, దిద్దుకోవలెను" అని ఉపాధ్యాయులు వ్రాశారు. ఆయనది తప్పని మేము అనము. పత్రిక చదవాలన్నా, తెలుగునాట ఎవరికైనా జాబు వ్రాయాలన్నా శిష్టభాష రావాలి. మేము కూడా ఎంతోమంది పిల్లల పుస్తకాలలో ఎర్ర గీతలు గీచినవాళ్లమే. కానీ ఆ రాత్రి ఇంటికి వెళ్లేటప్పుడు, మా నాయనమ్మ జీవితమంతా తప్పుగానే మాట్లాడిందా అన్న ఆలోచన మనసును కలచివేసింది.

తరువాతి సంవత్సరం తరగతిలో 'దిద్దుబాటు' చదివాము. రాముడు నోరు తెరిచి రెండు మాటలు పలికేసరికి మేము పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాము. అది మా నాయనమ్మ మాట తీరు. ఆధునిక తెలుగు కథకు ఆదిలోనే, విజయనగర సంస్థానంలో కొలువున్న పండితుడు, ఒక నౌకరు నోటి మాటను ఒక్క అక్షరం దిద్దకుండా అచ్చు వేయించాడు. కథ పేరు 'దిద్దుబాటు'. దిద్దుబాటు కావలసినది చదువుకున్న యజమాని నడతకు గాని, నౌకరు భాషకు కాదు.

సంస్కృత నాటకాలలో కూడా సేవకులు, స్త్రీలు ప్రాకృతం మాట్లాడతారు. అది పద్ధతి, ఏ నాటకంలోనైనా ఆ తరగతివారి భాష ఇంచుమించు ఒకటే. రాముని భాష అటువంటిది కాదు. అది ఒక ప్రాంతపు మాట, ఒక మనిషి మాట. చదువుకున్న ఆడవారిని గురించి తన అభిప్రాయాన్ని అతడు దాచుకోడు. ఆ అభిప్రాయం మనకు నచ్చకపోవచ్చు. నచ్చని అభిప్రాయం ఉండగలిగిన నౌకరు పాత్ర అప్పటి రచనల్లో అరుదు. అంతకుముందే 1892లో రంగమెక్కిన 'కన్యాశుల్కం' నాటకంలో గురజాడ ఈ పని పెద్దయెత్తున చేశాడు. అందులో గిరీశం పలికే ఇంగ్లీషు ముక్కలను తీసివేస్తే గిరీశమే మిగలడు. మనం ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకొనేది కూడా, జనం మాట్లాడే భాషకోసం పోరాడిన అదే ప్రాంతపు ఉపాధ్యాయుడు గిడుగు రామమూర్తిగారి జయంతి నాడే.

అయినా 'దిద్దుబాటు'లో మాకు ఒక వెలితి కనబడుతుంది. కథ చివర భార్యాభర్తలు కలుసుకుంటారు, నవ్వు వినబడుతుంది, పాఠకుడు సంతోషిస్తాడు. దెబ్బలు తిన్న రాముడు ఏమైనాడు? అతనికి ఇల్లు ఉన్నదా, పెళ్లాం పిల్లలు ఉన్నారా? కథకు ఆ సంగతి అక్కరలేదు. గురజాడ రాముని చక్కగా చిత్రించాడు, పోషించలేదు. తోటలో కూలి చేసిన కుటుంబంలో పుట్టిన మాకు ఆ గదిలో నవ్వు కన్న, గది బయట ఉన్న మనిషి మీదనే చూపు నిలిచింది.

భయాన్ని లోపలినుంచి చూడడం

రెండవ రచన రాచకొండ విశ్వనాథశాస్త్రిగారి 'అల్పజీవి'. రావిశాస్త్రిగా ప్రసిద్ధులైన ఆయన విశాఖపట్నంలో న్యాయవాది. ఈ నవల 1950 దశకానిది. కథానాయకుడు సుబ్బయ్య గుమాస్తా, పిరికివాడు. పెళ్లాం దగ్గర భయం, బావమరిది దగ్గర భయం, కాంట్రాక్టరు గవరయ్య దగ్గర మరీ భయం.

ఇటువంటివానిని చూసి నవ్వడం సులభం. రావిశాస్త్రి మనల్ని నవ్వనివ్వడు. సుబ్బయ్య మనసులో తలపులు ఏ వరుసలో వస్తాయో ఆ వరుసలోనే మనకు వినిపిస్తాడు. ఒక తలపు ముగియకముందే మరొకటి, దానిలోంచి చిన్ననాటి జ్ఞాపకం, దాని వెనుక మళ్లీ భయం. తెలుగు విమర్శకులు దీనిని చైతన్య స్రవంతి అంటారు. పేరు పెద్దది గాని పని తెలిసినదే. రాత్రి నిద్ర పట్టనప్పుడు మన మనసు చేసేది అదే. బయటినుంచి చూస్తే సుబ్బయ్య పిరికివాడు. లోపలినుంచి చూస్తే, ఆ భయం ఎక్కడెక్కడినుంచి వచ్చి చేరిందో తెలిసినవాళ్లం కనుక, అతనిని ఆ ఒక్క మాటతో తోసివేయలేము. నవల సాగేకొద్దీ అతనిలో కలిగే కదలిక చాలా చిన్నది. అంతవరకు అతని లోపల మనం కాపురం ఉన్నాము కనుక ఆ చిన్న కదలిక కూడా మనకు పెద్దదిగా తోస్తుంది. పాత్రపోషణ అంటే పిరికివాడు వీరుడు కావడమే అనుకునే విద్యార్థులకు మేము ఈ నవలను చూపిస్తాము.

ఇది చదువుతున్నప్పుడు మాకు మా నాయన గుర్తుకు వచ్చాడు. తోట దారిలో సైకిలు మీద వెళ్తూ ఉండేవాడు. ఎదురుగా దొర కారు కనబడితే చాలు, చాలా దూరంలోనే సైకిలు దిగి, పక్కకు తప్పుకొని, కారు పోయేదాకా తల వంచి నిలబడేవాడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికే కొన్నేళ్లయింది. దిగమని అడిగేవాళ్లు ఎవరూ లేరు. వెనుక కూర్చున్న మాకు చాలా నామోషీగా ఉండేది. పెద్దయ్యాక ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, వ్యాసాల్లో వ్రాయలేదు. "ఆత్మాభిమానం గల వ్యక్తి" అని వ్రాశాము.

ఆ సైకిలు దిగడాన్ని లోపలినుంచి చూడాలని మాకు ఎన్నడూ తోచలేదు. మా నాయన చిన్ననాట, దిగనివారికి ఏమి జరగడం చూశాడో మేము అడగలేదు. వెనుక సీటు మీద కొడుకు ఉన్నాడన్న భయం కూడా ఆ దిగడంలో ఉన్నదేమో అని అరవై దాటిన తరువాత, సుబ్బయ్యను చదువుతూ ఆలోచించాము. అప్పటికి మా నాయన లేడు.

మంచివానిగా కనబడినవాడు, మౌనంగా ఉన్నవాడు

మూడవది కాళీపట్నం రామారావుగారి 'యజ్ఞం'. 1960 దశకంలో వెలువడిన పెద్ద కథ. ఈ కథ ఉన్న 'యజ్ఞంతో తొమ్మిది' సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. కారా మాస్టారు అని అందరూ పిలుచుకునే ఆయన ఉద్యోగరీత్యా బడిపంతులు. 1997లో శ్రీకాకుళంలో తెలుగు కథలకోసమే 'కథానిలయం' అనే గ్రంథాలయాన్ని స్థాపించారు. 2021లో స్వర్గస్థులయ్యారు.

సుందరపాలెం అనే ఊరు. దళితుడైన అప్పల్రాముడు షావుకారు గోపన్నకు అప్పు పడ్డాడు. పంచాయితీ కూర్చున్నది. పెద్ద శ్రీరాములునాయుడు, ఊరంతా ధర్మమూర్తిగా భావించే మనిషి. వాదోపవాదాలు సాగి, చివరకు ఉన్న కాస్త భూమీ అమ్మి అప్పు తీర్చడానికి అప్పల్రాముడు ఒప్పుకోవలసి వస్తుంది. అప్పుడు అతని కొడుకు సీతారాముడు, ఇక తమ వంశానికి మిగిలేది బానిస బతుకే అని, తన పసిబిడ్డను తానే చంపి సభ ముందుకు తెస్తాడు. చిన్నపిల్లలున్న ఇళ్లలో ఈ కథను పెద్దలు ముందుగా చదివి, తగిన వయసు వచ్చిన తరువాతనే పిల్లలకు ఇవ్వాలని మా సలహా.

ఇందులో శ్రీరాములునాయుడి పాత్రపోషణను గమనించాలి. ముందు ఊరివారి గౌరవంలోంచి ఆయనను చూస్తాము. ఇతరులు అనుకునేది అన్న సాధనం ఇక్కడ పని చేస్తున్నది. మనం కూడా ఆయనను గౌరవిస్తాము. పంచాయితీ సాగేకొద్దీ ఆయన నిదానం, న్యాయబుద్ధి, ఓర్పు అన్నీ అలాగే ఉంటాయి. ఆయన మారడు. రచయిత ఎక్కడా ఆయనను దుష్టుడు అనడు. కానీ ఆ మంచితనమంతా చివరకు ఎవరికి ఉపయోగపడుతున్నదో మనకు కొద్దికొద్దిగా తెలుస్తుంది. పాత్ర కదలకుండా పాఠకుని చూపు కదలడం కూడా ఒక విధమైన పోషణ. ఇది చాలా కష్టమైన పని.

సీతారాముని చిత్రణ ఇందుకు పూర్తిగా భిన్నం. తండ్రి మాట్లాడతాడు, పెద్దలు మాట్లాడతారు, షావుకారు మాట్లాడతాడు. కొడుకును గురించి మనం పెద్దగా పట్టించుకోము. పట్టించుకోకపోవడం మన తప్పు అని ఆఖరి దృశ్యం చెబుతుంది. ఈ కథ మీద తెలుగు విమర్శకులు దశాబ్దాల పాటు చర్చించారు. పాత్రలు బతికిన మనుషులుగా కాక ఒక సిద్ధాంతాన్ని నిరూపించడానికి నిలబెట్టినవిగా ఉన్నాయని కొందరి ఆక్షేపణ. ఊరి ఆర్థిక చరిత్ర విప్పి చెప్పే చోట కథ బరువెక్కుతుందని మేము కూడా ఒప్పుకుంటాము. అయితే ఆ బరువును మోసేది అప్పల్రాముని గొంతు. తాను ఎలా బతికాడో, ఎలా చితికిపోయాడో అతడు తన మాటలో తాను చెప్పుకున్నాడు. సిద్ధాంతానికి అటువంటి గొంతు ఉండదు.

ఇక్కడ మాకు రాముడు గుర్తుకు వచ్చాడు. 1910లో రాముడు, అరవయ్యవ దశకంలో అప్పల్రాముడు, సీతారాముడు. గురజాడ కథలో నౌకరుకు మాట మాత్రమే దొరికింది. ఇల్లు లేదు, సంసారం లేదు, గతం లేదు. కారా మాస్టారి కథలో అదే నేలకు చెందిన మనిషికి ఇల్లు, కొడుకు, మనుమడు, అప్పు, చరిత్ర అన్నీ వచ్చాయి. ఒక కథలో పాత్ర ఎదిగినట్టే, ఒక సాహిత్యంలో కూడా పాత్ర ఎదుగుతుంది. యాభై ఏళ్లకు పైగా పట్టింది. మొదటి రచయిత మిగిల్చిన వెలితిని తరువాతి తరం రచయిత పూరించాడు.

ఆ పేర్లు కూడా మనవే. సింహాచలం అప్పన్న పేరు మీద అప్పన్న, అప్పలస్వామి, అప్పలమ్మ, సింహాద్రి అని పేర్లు పెట్టుకున్నవారు మన తోటల్లో ఎంతమందో! చిట్టాలు వ్రాసినవారి నోట ఆ పేర్లు రకరకాలుగా మారిపోయాయి. అప్పు తీర్చలేక ఊరు విడిచినవారు ఓడ ఎక్కారు. ఊళ్లో ఉండిపోయినవారి సంగతి కారా మాస్టారు వ్రాశారు. ఓడ ఎక్కినవారి సంగతి ఎవరు వ్రాయాలి?

ఈ నేల మీది పాత్రలు

ఈ దేశంలో ఆ పనికి దగ్గరగా వచ్చిన నవల కె.ఎస్. మణియంగారి 'ది రిటర్న్'. 1981లో ఇంగ్లీషులో వెలువడింది. కెడా రాష్ట్రంలోని బెడోంగ్‌లో పుట్టిన మణియంగారు 2020లో మరణించారు. ఈ నవలలో రవి అనే కుర్రవాడు తన నాయనమ్మ పెరియతాయిని గురించి చెబుతాడు. సముద్రం దాటి వచ్చిన ఆమె గిన్నెలకు, బిందెలకు మాట్లు వేస్తూ బతుకుతుంది. ఆమె ధైర్యం గలదని మణియం చెప్పడు. ఆమె చేతిలోని పనిముట్లు చూపిస్తాడు. తనది కాని నేల మీద ఇల్లు కట్టుకున్న ఆమె తపన, తరువాత కొడుకులోకి దిగి, అతని మతినే చలింపజేస్తుంది. రవి తన తండ్రిని పిలిచే పిలుపు 'నైనా'. పక్కన తమిళ పేర్లున్నా, ఆ పిలుపు దగ్గర మా తెలుగు చెవికి 'నాయన' అనే వినబడింది. ఒక తరం కోరిక తరువాతి తరానికి జబ్బుగా సంక్రమించడాన్ని చూపిన ఈ పాత్రపోషణ మన తెలుగు కుటుంబాల రచనల్లో ఇంకా రాలేదు.

పెద్దలను అవమానించినట్టు కాదా?

తరగతిలో ఈ మాటలన్నీ చెప్పినప్పుడు ఒక తల్లిగారు మంచి ప్రశ్న వేశారు. "గుడి పత్రికలో మన పెద్దల లోపాలు వ్రాస్తే వారిని అవమానించినట్టు కాదా మాస్టారూ?" అని.

మేము ఆలోచించి చెప్పిన జవాబు ఇది. గుడిలో పురాణం చెప్పించుకుంటాము. ధర్మరాజు జూదమాడి తమ్ములను, భార్యను పణంగా ఒడ్డాడని ఏటేటా వింటాము. దశరథుడు ఇచ్చిన మాటకు కట్టుబడి ప్రాణం పోగొట్టుకున్నాడని వింటాము. వ్యాసుడు ధర్మరాజును అవమానించాడని ఎవరూ అనుకోరు. జూదం లేకపోతే వనవాసం లేదు. వనవాసం లేకపోతే ధర్మరాజు ఎటువంటివాడో మనకు తెలిసేది కాదు. తప్పు చేయడానికి వీలు లేని మనిషిని పూజించగలము గాని, మా మనుమరాలు అడిగినట్టు "ఎలాంటివారు" అని అడిగితే జవాబు చెప్పలేము. మన పెద్దలకు పూజ అక్కరలేదు. పిల్లలు వారిని తెలుసుకుంటే చాలు.

అందుచేత ఈ శీర్షికకు వ్రాయదలచిన కుటుంబాలకు మా మనవి. విశేషణాలు వ్రాసే ముందు నాలుగు సంగతులు విచారించండి. ఆ మనిషి ఎక్కువగా వాడిన మాట ఏది? దానిని వారు పలికినట్టే వ్రాయండి, దిద్దవద్దు. ఏ పని చేస్తుండగా మీకు గుర్తున్నారు? దేనికి భయపడేవారు? ఎప్పుడు పొరబడ్డారు? వీటికి జవాబులు దొరికితే వ్యాసం దానంతట అదే నడుస్తుంది. దొరకకపోతే, ఇంకా ఉన్న పెద్దల దగ్గరకు వెంటనే వెళ్లి అడగండి. మా నాయన విషయంలో మేము ఆలస్యం చేశాము.

మేము కూడా మా వ్యాసాన్ని తిరిగి వ్రాశాము. "కుటుంబ క్షేమం కోసం సర్వస్వం త్యాగం చేసిన" అన్న వాక్యం కొట్టివేసి, దాని స్థానంలో ఇది వ్రాశాము:

"జీతాల రోజున తోట ఆఫీసు గేటు దగ్గర మా నాయనమ్మ ముందే వచ్చి నిలబడేది. కల్లు దుకాణం గేటుకు కుడివైపు ఉండేది, ఇల్లు ఎడమవైపు. తాత జీతం డబ్బు లెక్కపెట్టకుండానే ఆమె చేతిలో పెట్టేవాడు. పెట్టి అక్కడే నిలబడేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. కుడిచెయ్యి కొంచెం ముందుకు చాపి, అరచెయ్యి తెరిచి ఉంచేవాడు. ఆమె కొంగున డబ్బు ముడివేసుకొని, అటూ ఇటూ చూసి, కొన్ని నాణాలు ఆ చేతిలో వేసి, 'బేగి వచ్చెయ్' అనేది."

మా మనుమరాలి చేత ఇది చదివించాము. 'బేగి' దగ్గర ఆగి అర్థం అడిగింది. చెప్పాము. మళ్లీ మొదటినుంచి చదివింది. తరువాత, "నాయనమ్మ ఎంత ఇచ్చేది?" అని అడిగింది.

మాకు తెలియదు. అప్పటికి మేము మరీ చిన్నవాళ్లం. తెలుక్ ఇంతాన్‌లో ఉన్న మా పెద్దక్కకు అప్పటికప్పుడే ఫోను చేశాము. ఆమెకు ఎనభై నిండాయి. ప్రశ్న విని చాలాసేపు నవ్వింది.

"ఏటి, అది కూడా పుస్తకంలో ఏస్తావేటి?" అన్నది. తరువాత, "ఎంత ఇచ్చినా ఆ చెయ్యి అక్కడే ఉండేది. ఇంకో నాణెం ఏసేదాకా ఎల్లేవాడు కాదు" అన్నది.

మా మనుమరాలు ఆ మాటను ఉన్నది ఉన్నట్టు తన పుస్తకంలో వ్రాసుకున్నది. వచ్చే శుక్రవారం ఆ పుస్తకం దిద్దవలసినది మేమే. ఆ మాట కింద ఎర్ర గీత గీయము.